ఫిరంగుల ఫ్యాక్టరీ బోర్డు మారితే మన పద్నాలుగో వంతు ఏమైతది?



ఐటీఐ, డిప్లొమా చదువుతున్న మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఇంకా గవర్నమెంటుదేనా, ప్రైవేటు అయిపోయిందా?" ఒక్క మాటలో చెప్పాలంటే గవర్నమెంటుదే. కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతే మనకే నష్టం. ఎందుకంటే ఫ్యాక్టరీ గవర్నమెంటుదిగా ఉండుడు వేరు, అందులో మనకు వాటా ఉండుడు వేరు. మొదటిది నిలబడి ఉండంగనే రెండోది మెల్లగా కరిగిపోవచ్చు. దాని గురించే ఈ పోస్టు. కొంచెం పొడుగైతది, ఓపికగా చదవండి.

మొదలు హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ నుంచి పెడదాం. మనలో చాలామందికి గన్‌ఫౌండ్రీ అంటే బస్సుల మీద కనపడే పేరు, లేకపోతే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ హెడ్డాఫీసు. కోచింగ్ కోసం వచ్చి అబిడ్స్, బషీర్‌బాగ్ వైపు తిరిగిన ప్రతి ఒక్కరూ ఆ పేరు వినే ఉంటారు. అది ఉత్త పేరు కాదు. అక్కడ నిజంగానే ఫిరంగులు పోసేటోళ్లు. 1795లో రెండో నిజాం అలీ ఖాన్ కాలంలో, ఆయన కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ దాన్ని కట్టించిండు. ఉర్దూలో దాన్ని తోప్ కా సాంచా అన్నరు. తోపు అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. కొలిమిలో లోహం కరిగించి, అచ్చుల్లో పోసి ఫిరంగులు, గుండ్లు తయారుచేసిన చోటు అది. ఇప్పటి మాటలో చెప్పాలంటే సర్కారు ఆయుధాల ఫ్యాక్టరీ.

ఆ సంవత్సరం మార్చిలోనే ఖర్దా దగ్గర నిజాం సైన్యం మరాఠాల చేతిలో ఓడింది. ఓడిన రాజుకు ఫిరంగులు కావాలె. ఫిరంగులు పోయించగలిగిన రేమండ్‌కు పలుకుబడి పెరిగింది. కానీ ఆ వైభవం ఎన్నేళ్లు? మూడేళ్లే. 1798 మార్చిలో రేమండ్ చనిపోయిండు. అదే ఏడాది సెప్టెంబర్‌లో నిజాం, ఈస్టిండియా కంపెనీ మధ్య ఒప్పందం జరిగింది. అక్టోబర్‌లో ఇంగ్లీషోళ్లు ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి ఆయుధాలు దించుకున్నరు. వేల మంది సిపాయిలు ఉన్న దళం రద్దయిపోయింది. సైన్యం ఎవరిది, ఫిరంగి ఎవరు పోయాలె, ఎవరు పేల్చాలె అన్నది అప్పటి నుంచి వేరే వాళ్లు తేల్చిండ్రు. కొలిమి ప్రాధాన్యం పోయింది. తర్వాత చుట్టూ నగరం పెరిగింది. కాలేజీలు, స్టేడియం, బ్యాంకు, అపార్టుమెంట్లు వచ్చినయి. ఇప్పుడు ఆ ఫౌండ్రీలో మిగిలింది శిథిలమైన ఒక పాత కట్టడం. చివరికి ఆ బ్యాంకు కూడా 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. పేరు మాత్రం ఊరి నోట్లో ఉండిపోయింది.

ఒక్క సంగతి గమనించండి. రేమండ్ పేరు చరిత్రలో ఉంది. మలక్‌పేట దగ్గర ఆయన సమాధి ఉంది. నిజాం పేరు సరేసరి. ఆ కొలిమి దగ్గర బొగ్గు మోసినోళ్లు, లోహం కరిగించినోళ్లు, అచ్చులు పట్టినోళ్లు ఎవరు? వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. కొలిమి మూతపడ్డంక వాళ్లు ఎక్కడికి పోయిండ్రో ఏ బోర్డూ చెప్పదు.

ఇందులో మన బంజారాలకు సంబంధం ఉన్న ముచ్చట కూడా ఉంది. ఆ కాలంలో దక్కన్‌లో ఏ సైన్యం కదలాలన్నా ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు, సామాను మోసే బంజారాల బిడారులే ఆధారం. మొగలులకు మోసిండ్రు, అసఫ్‌జాహీలకు మోసిండ్రు. 1791-92లో, మళ్లీ 1799లో టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధాల్లో ఇంగ్లీషు సైన్యానికి కూడా తిండిగింజలు అందించింది బంజారాలే. బంజారాలు రాకపోతే సైన్యం పస్తుంటదని ఆ కాలపు సేనానులకు బాగా తెలుసు. ఫిరంగి ఎంత పెద్దదైనా దాన్ని పేల్చే మనిషికి బువ్వ కావాలె గదా!

తర్వాత ఏమైంది? దక్కన్‌లో యుద్ధాలు తగ్గినయి, రోడ్లు పడ్డయి, రైలు వచ్చింది. ఎద్దుల బిడారుతో పని తీరిపోయింది. పని తీరిపోయినోళ్లకు ఇంకో పని చూపించిన సర్కారు లేదు. అంతటితో ఆగలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద చాలా ప్రాంతాల్లో సంచార జాతులను, బంజారాలతో సహా, పుట్టుకతోనే నేరస్తులని రాసుకుంది. నిన్న సైన్యానికి అన్నం మోసినోడు ఇవాళ పోలీసు స్టేషన్‌లో హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ చట్టం పోయింది స్వాతంత్ర్యం వచ్చినంక 1952లో. తెలంగాణలో లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో గానీ రాలేదు.

ఇదంతా పాత ఏడుపు కోసం చెప్తలేను. ఒక వ్యవస్థ మారేటప్పుడు అందులో పనిచేసినోళ్ల సంగతి ఏందని ఆ మారే సమయంలోనే అడగకపోతే, తర్వాత అడగడానికి చోటే దొరకదు. గన్‌ఫౌండ్రీ కొలిమోళ్లకు దొరకలేదు, బంజారా బిడారుకు దొరకలేదు. మనకు ఇప్పుడు దొరికింది. ఎట్లనో చూద్దాం.

ఎద్దుమైలారం సంగతికి వద్దాం. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మెదక్ 1984లో మొదలైంది. అప్పుడు ఇందిరాగాంధీ దేశ ప్రధాని, మెదక్ ఎంపీ కూడా. 2016లో జిల్లాలు విడిపోయినంక ఆ ఊరు సంగారెడ్డి జిల్లాలోకి పోయింది కానీ ఫ్యాక్టరీ పేరులో మెదక్ అట్లనే ఉంది. రష్యా డిజైన్ బీఎంపీ-2 ని 'శరత్' అనే పేరుతో ఇక్కడ తయారు చేస్తరు. సిపాయిలను లోపల కూర్చోబెట్టుకుని యుద్ధభూమిలోకి పోయే, గొలుసు చక్రాల కవచ వాహనం అది. 1987 నుంచి అవి సైన్యానికి అందుతున్నయి. దాని ఆధారంగా అంబులెన్సులు, మోర్టార్ మోసే బండ్లు, ఇంకా ఎన్నో రకాలు చేసిండ్రు. మందుపాతరలను తట్టుకునే వాహనాలు కూడా ఇక్కడ తయారైనయి.

బయటివాళ్లకు అది ఆయుధాల ఫ్యాక్టరీ. మనలాంటి వాళ్లకు అది వేరే ఇంకోటి కూడా. ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు, వెల్డర్, ఎలక్ట్రీషియన్ ట్రేడుల్లో ఐటీఐ చేసిన పిల్లోడికి బీటెక్ లేకున్నా, ఇంగ్లీషు గలగలా రాకున్నా, చేతిలో పనితనం ఉంటే చాలు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని చేసే గేటు అది. క్వార్టర్, పింఛను, ఆసుపత్రి, పిల్లలకు స్కూలు. దంతాలపల్లి, మరిపెడ, నర్సింహులపేట, తొర్రూరు చుట్టుపక్కల తండాల్లో వానొస్తే పత్తి, రాకుంటే వలస. అట్లాంటి ఇంట్లో ఒక్కడికి అట్లాంటి కొలువు వచ్చిందంటే ఆ ఇల్లు ఒక్కటే కాదు, చుట్టూ నాలుగు ఇండ్లు మారుతయి. తమ్ముడు డిగ్రీ చదువుతడు, చెల్లెకు పదహారేళ్లకే పెండ్లి చేయాలన్న తొందర తగ్గుతది.

ఇంకో మంచి ముచ్చట. ఐఐటీ హైదరాబాద్ 2008లో మొదలైంది ఎక్కడనుకుంటున్నరు? ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఎస్టేట్‌లోనే. కందిలో సొంత క్యాంపస్ తయారై 2015లో పూర్తిగా అక్కడికి మారేదాకా తాత్కాలిక క్యాంపస్ అదే. అంటే ఫ్యాక్టరీ స్థలాన్ని వేరే పనికి వాడుడు అన్నప్పుడల్లా మనం భయపడనక్కర లేదు. ఆయుధాల ఫ్యాక్టరీ ఆవరణలో దేశంలోనే పేరున్న చదువుల సంస్థ నడిచింది. ఆ సంస్థ సీట్లలో 7.5 శాతం ఎస్టీ పిల్లలకు చట్టప్రకారం ఉన్నయి. స్థలం ప్రజలది, వచ్చిన సంస్థ ప్రజలది, అందులో మన వంతు రాసిపెట్టి ఉంది. మార్పు ఇట్లా ఉంటే ఎవరు కాదంటరు?

ఇక 2021 మార్పు సంగతి. అప్పటిదాకా దేశంలోని 41 ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు కింద, రక్షణ శాఖలో భాగంగా ఉండేవి. వాటిలో అన్నిటికంటే పాతవాటిలో ఒకటైన కలకత్తా కాశీపూర్ ఫ్యాక్టరీ 1802 మార్చి 18న ఉత్పత్తి మొదలుపెట్టింది. అంటే మన గన్‌ఫౌండ్రీ తర్వాత ఏడేళ్లకు. ఇప్పటికీ మార్చి 18ని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల దినంగా జరుపుతరు. అంత పాత వ్యవస్థను 2021 అక్టోబర్ 1 నుంచి ఏడు కంపెనీలుగా విడగొట్టిండ్రు. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీ, చెన్నై దగ్గర ఆవడిలోని ట్యాంకుల ఫ్యాక్టరీ, ఇంజన్ల ఫ్యాక్టరీ, ఇంకా జబల్‌పూర్, అంబర్‌నాథ్ ఫ్యాక్టరీలు కలిపి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ అనే కంపెనీ అయింది. హెడ్డాఫీసు ఆవడి.

ఉద్యోగులు ఊరుకోలేదు. 2019 ఆగస్టులోనే దేశవ్యాప్తంగా సమ్మెకు దిగిండ్రు. 2021లో మళ్లీ సమ్మె అంటే, ఆ ఏడాది జూన్ 30న కేంద్రం అత్యవసర రక్షణ సేవల ఆర్డినెన్స్ తెచ్చి సమ్మెను నిషేధించే అధికారం తీసుకుంది. తర్వాత అది చట్టమైంది. అప్పటికే పనిచేస్తున్న వాళ్లను డీమ్డ్ డెప్యుటేషన్ మీద కంపెనీలకు పంపి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల షరతులే వర్తిస్తయని చెప్పిండ్రు. అంటే లోపల ఉన్నోళ్లకు కొంత రక్షణ ఉంది. బయట గేటు దగ్గర నిలబడ్డ మన పిల్లల సంగతి ఏంది? యూనియన్లు మాట్లాడేది లోపలి వాళ్ల గురించి, అది వాళ్ల ధర్మం. ఇంకా ఉద్యోగం రాని పిల్లోడికి యూనియన్ ఉండదు. వాడి తరఫున మాట్లాడాల్సింది మనమే.

ఇప్పుడు అసలు లెక్క. దయచేసి ఈ భాగం మెల్లగా చదవండి, మళ్లీ చదవండి.

కేంద్ర ఉద్యోగాల్లో అఖిల భారత స్థాయిలో పోటీ పరీక్షతో తీసుకునే వాటిల్లో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్. స్థానికంగా తీసుకునే గ్రూప్-సి పోస్టుల్లో రాష్ట్రాన్ని బట్టి శాతం కొంత మారుతది. ఆ శాతాన్ని పోస్టులుగా మార్చేది రోస్టర్. 7.5 శాతం రోస్టర్‌లో ఓబీసీకి మొదటి పాయింటు 4, ఎస్సీకి 7, ఈడబ్ల్యూఎస్‌కు 10. ఎస్టీకి? 14. అంటే ఒక క్యాడర్‌లో ఒకరి తర్వాత ఒకరిని తీసుకుంటూ పోతే పద్నాలుగో మనిషి దగ్గర మన వంతు వస్తది. మన శాతం తక్కువ కాబట్టి లెక్క ప్రకారమే మనం వరుసలో చివర ఉంటం. అందులో ఎవరి కుట్రా లేదు, అది భాగహారం.

కానీ దాని ఫలితం చూడండి. ఒక ఫ్యాక్టరీలో కొత్తగా 14 మంది మెషినిస్టులు కావాలె అనుకుందాం. పద్నాలుగూ పర్మినెంటు పోస్టులుగా నింపితే ఒకటి మనది. అందులో పదింటినే నింపి, మిగతా నాలుగు పనులు కాంట్రాక్టర్‌కు ఇచ్చిండ్రనుకోండి. ఓబీసీ వాళ్లకు కొంత నష్టం, కానీ వాళ్ల నాలుగో, ఎనిమిదో పాయింట్లు దాటినయి. ఎస్సీ ఏడో పాయింటు దాటింది. ఈడబ్ల్యూఎస్ పదో పాయింటు కూడా సరిగ్గా అందింది. మన పద్నాలుగోది? అక్కడిదాకా లెక్క రానే లేదు. మళ్లీ నియామకాలు జరిగి వరుస ముందుకు కదిలే వరకు ఎదురుచూడాలె. ఎన్నేళ్లు అన్నది ఎవరూ చెప్పరు. రిజర్వేషన్ ఎవరూ రద్దు చేయలేదు, ఒక్క జీవో కూడా రాలేదు, పార్లమెంటులో ఒక్క మాట లేదు. అయినా మన ఒక్క కొలువు పోయింది.

పోస్టులు తగ్గినప్పుడు అందరికీ నష్టమే. కానీ అందరికంటే ముందు పూర్తిగా ఖాళీ అయ్యేది మన గిన్నె. కొస నుంచి కోస్తుంటే మొదలు తెగేది కొసన ఉన్నోడే గదా. అందుకే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అనేవి "అందరి సమస్య" అని మనం ఊరుకోవద్దు. అవి ముందుగా, ఎక్కువగా ఎస్టీ సమస్య.

కంపెనీలైన తర్వాత ఈ ఫ్యాక్టరీల నుంచి వస్తున్న నోటిఫికేషన్లలో ఫిక్స్‌డ్ టెర్మ్, కాంట్రాక్టు పోస్టులు కనపడుతున్నయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ సంస్థ తానే నేరుగా 45 రోజులు, అంతకంటే ఎక్కువ కాలానికి తాత్కాలికంగా తీసుకున్నా రిజర్వేషన్ పాటించాలని కేంద్రం ఆదేశాలున్నయి. 2022లో కూడా వాటిని మళ్లీ గుర్తు చేసింది. కాబట్టి కాంట్రాక్టు నోటిఫికేషన్ చూసి "మనకేం లేదులే" అని వదిలేయకండి. నేరుగా సంస్థ తీసుకునే కాంట్రాక్టులో మన వంతు ఉంటది, అడగొచ్చు. అసలు చిక్కు ఇంకో మెట్టు కింద ఉంది. సంస్థ మనిషిని తీసుకోకుండా పనిని కాంట్రాక్టర్‌కు అప్పజెప్పినప్పుడు, ఆ కాంట్రాక్టర్ తెచ్చుకునే కూలీలకు రోస్టర్ లేదు, పద్నాలుగో పాయింటు లేదు. అక్కడ మన పిల్లలు లేరని కాదు. ఉంటరు, కానీ అదే మెషిన్ దగ్గర తక్కువ జీతానికి, రేపు రావద్దంటే పోయేటట్టు ఉంటరు.

ఇంకో మెట్టు దిగితే పూర్తి అమ్మకం. ఆర్డినెన్స్ కంపెనీలు ఇప్పుడు వంద శాతం ప్రభుత్వానివే, అమ్మిండ్రని నేను అంటలేను. కానీ అమ్మితే ఏమైతదో ఎయిరిండియాలో చూసినం. 2022 జనవరి 27న అది టాటాలకు పోయింది. ఆ రోజు నుంచి అక్కడి కొత్త నియామకాల్లో రిజర్వేషన్ తప్పనిసరి కాదు. విమానాలు అవే, ఎయిర్‌పోర్టు అదే, పని అదే. రాజ్యాంగం 16(4) అధికరణం మాత్రం ఆ గేటు బయట ఆగిపోయింది.

ఉద్యోగం తర్వాత భూమి. ప్రభుత్వ సంస్థల దగ్గర మిగులు భూములు, కట్టడాలు ఉంటే వాటి నుంచి డబ్బు రాబట్టడానికి 2022లో కేంద్రం నేషనల్ ల్యాండ్ మానెటైజేషన్ కార్పొరేషన్ పెట్టడానికి ఆమోదం తెలిపింది. మూతపడ్డ ఫ్యాక్టరీ భూమి చివరికి ఏమైతదో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర లేదు. వరంగల్ ఆజంజాహీ మిల్లు చూడండి. 1934లో నిజాం కాలంలో మొదలై, 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చి, 2002లో మూతపడింది. వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ చోట ప్లాట్లు పడ్డయి. లండన్‌లో వూల్విచ్ రాయల్ ఆర్సెనల్ కథ కూడా అంతే. మొదటి ప్రపంచయుద్ధంలో దాదాపు 80 వేల మంది పనిచేసిన ఆయుధ కర్మాగారం అది. అక్కడి కార్మికులు 1886లో పెట్టుకున్న ఫుట్‌బాల్ టీమే ఇప్పుడు మన పిల్లలు టీషర్టులు వేసుకుని తిరిగే ఆర్సెనల్. ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. పాత భవనాలను బాగుచేసి ఫ్లాట్లు చేసిండ్రు. పాత ఇటుక గోడలు అందంగా మిగిలినయి. కానీ ఆ ఫ్లాట్ల ధరలు చూస్తే అక్కడ పనిచేసిన కార్మికుడి మనుమడు కొనేటట్టు లేవు. గోడను కాపాడుకోవడం వారసత్వం అంటరు, మంచిదే. ఆ గోడల మధ్య బతికినోళ్ల వాటాను కూడా కాపాడితేనే అది న్యాయం.

ఇక ఎదురు వాదనలు. మన గ్రూపులో చదువుకున్నోళ్లే ఉన్నరు, వాళ్లు అడిగే ప్రశ్నలు న్యాయమైనవే.

ఒకటి: "ఆయుధాల ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం మనం కొట్లాడుడు ఏంది అన్నా? తుపాకీ మన మీదికే తిరిగింది గదా!" నిజమే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపింది నిజాం పోలీసుల తూటాలు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిపింది మన స్వతంత్ర దేశపు పోలీసులే. మందుపాతర్లను తట్టుకునే బండ్లు ఎక్కువగా తిరిగింది కూడా బస్తర్ లాంటి ఆదివాసీ అడవుల్లోనే. ఈ బాధను నేను తక్కువ చేయను. కానీ తుపాకీ ఎవరి మీద తిరగాలో నిర్ణయించేది లేత్ మెషిన్ దగ్గర నిలబడ్డ టర్నర్ కాదు. ఆ నిర్ణయం మీద మనం వేరే వేదికల మీద కొట్లాడుతనే ఉన్నం, కొట్లాడుదాం. కానీ ఆ కారణం చెప్పి కొలువులు వదులుకుంటే తుపాకులు తగ్గవు. మన పిల్లలు మాత్రం తగ్గుతరు. ఇష్టం లేనోళ్లు పోవద్దు, అది వాళ్ల మనస్సాక్షి. పోవాలనుకున్నోడికి దారి మూసుకుపోవద్దు, అంతే.

రెండు: "ఫ్యాక్టరీ సైన్యం కోసమా, ఉద్యోగాల కోసమా? సరుకు ఆలస్యమైతే, నాణ్యత లేకపోతే సరిహద్దులో సిపాయి ప్రాణం పోదా?" ఇది కూడా కొట్టిపారేసే మాట కాదు. పాత బోర్డు పద్ధతి మీద ఆలస్యం, ఖర్చు, జవాబుదారీతనం గురించి విమర్శలున్నయి. కేల్కర్ కమిటీ లాంటివి కంపెనీలుగా మార్చాలని ముందే చెప్పినయి. సరే, మార్చిండ్రు. బాగా నడపండి, లాభాలు తెండి, ఎగుమతి చేయండి. కానీ నాణ్యతకు, రిజర్వేషన్‌కు పోటీ పెట్టొద్దు. ట్రేడ్ టెస్టు పాసైన మన పిల్లోడు మైక్రోమీటర్ పట్టుకుంటే అది వాడి కులం చూసి కొలత మార్చదు. పైగా సరిహద్దులో ఉన్న సిపాయిల్లో కూడా మన తండాల పిల్లలు, గూడేల పిల్లలు ఉన్నరు. మంచి బండి వాళ్లకూ కావాలె. పని తెలిసిన పర్మినెంటు కార్మికుడు ఇరవై ఏండ్లు ఒకే మెషిన్ మీద ఉంటే నాణ్యత పెరుగుతదా, ఆరు నెలలకోసారి మారే కాంట్రాక్టు కూలీతో పెరుగుతదా? ఇది వాళ్లే చెప్పాలె.

మరి మనం చేయాల్సింది ఏంది? తిట్టుకుంటూ కూర్చుంటే పని కాదు. నాకు తోచినవి చెప్తున్న.

మొదటిది, లెక్క అడుగుదాం. కంపెనీ అయినా ప్రభుత్వ సొంతం కాబట్టి 2005 సమాచార హక్కు చట్టం వర్తిస్తది. క్యాడర్ వారీగా ఎన్ని పోస్టులు మంజూరు, ఎన్ని నిండినయి, ఎస్టీ రోస్టర్ పాయింట్లు ఎన్ని ఖాళీ, ఎన్ని బ్యాక్‌లాగ్, ఎంతమంది కాంట్రాక్టర్ల ద్వారా పనిచేస్తున్నరు. ఈ ఐదు ప్రశ్నలు చాలు. మిసైళ్ల రహస్యాలు అడుగుతలేం, మన మనుషుల లెక్క అడుగుతున్నం. జవాబు రాకపోతే అప్పీలుకు పోదాం.

రెండోది, బ్యాక్‌లాగ్. 2000లో వచ్చిన 81వ రాజ్యాంగ సవరణతో 16(4బి) వచ్చింది. నింపకుండా మిగిలిపోయిన రిజర్వుడ్ ఖాళీలను వేరే వర్గంగా లెక్కగట్టి, ఆ తర్వాతి సంవత్సరాల్లో 50 శాతం పరిమితి అడ్డం రాకుండా నింపొచ్చని దాని అర్థం. ఈ హక్కు సగం మంది మనోళ్లకు తెల్వదు. లెక్క చేతికొచ్చినంక, 338ఎ కింద ఏర్పడ్డ జాతీయ ఎస్టీ కమిషన్‌కు రాయొచ్చు. ప్రతి సంస్థలో ఎస్సీ, ఎస్టీల కోసం లైజాన్ ఆఫీసర్ అని ఒకరు ఉంటరు, ముందు ఆయనకు రాయాలె.

మూడోది, అప్రెంటిస్‌షిప్. 1961 చట్టం కింద ఇట్లాంటి పెద్ద ఫ్యాక్టరీలు అప్రెంటిస్‌లను తీసుకోవాలె, అందులో ఎస్టీలకు సీట్లు కేటాయించాలె. మన ఐటీఐ పిల్లలు చాలామంది సర్టిఫికెట్ తెచ్చుకుని ఊర్లో వైరింగ్ పనికో, హైదరాబాద్‌లో డెలివరీ పనికో పోతున్నరు. అప్రెంటిస్ చేసినోడికి మెషిన్ మీద చేయి తిరుగుతది. ఏ నోటిఫికేషన్ వచ్చినా ముందు వరుసలో ఉంటడు. సీనియర్లు ఒక్కొక్కరు నలుగురు పిల్లల చేత దరఖాస్తు పెట్టించినా చాలు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. షరతు ముందే రాయించుకోవాలె. మన మహబూబాబాద్ జిల్లాలో మూడో వంతు కంటే ఎక్కువ మంది ఎస్టీలు. బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ కోసం మనం ఎన్ని ధర్నాలు చేసినం! 2014 విభజన చట్టంలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో పరిశీలించాలని రాసిండ్రు. ఆ ఆరు నెలలు ఎన్ని ఏండ్లు అయినయో మీకే తెలుసు. రేపు బయ్యారంలో ఏదో ఒకటి వచ్చినా, ఇంకో చోట రక్షణ ఫ్యాక్టరీ వచ్చినా, మన నినాదం "ఫ్యాక్టరీ కావాలె" దగ్గర ఆగొద్దు. భూమి ఇచ్చిన ఇంటికి పర్మినెంటు కొలువు, కాంట్రాక్టర్ తీసుకునే మనుషుల్లో కూడా ఎస్టీ వాటా, ఫ్యాక్టరీ మూతపడితే ఆ భూమి చదువుకో, ఆసుపత్రికో, లేదా ఇచ్చినోళ్లకే తిరిగి పోవాలనే నిబంధన. ఇవన్నీ శంకుస్థాపన రాయి పడకముందే కాగితం మీద ఉండాలె. రాయి పడ్డంక మనతో మాట్లాడేటోడు దొరకడు.

కాబట్టి మళ్లీ ఎవరన్నా "ఎద్దుమైలారం గవర్నమెంటుదా ప్రైవేటుదా" అని అడిగితే గవర్నమెంటుదే అని చెప్పండి. చెప్పి, "పోయిన ఐదేండ్లలో పద్నాలుగో పాయింటు దాకా ఎన్నిసార్లు వచ్చింది?" అని కూడా అడగమనండి. ఫ్యాక్టరీలో మనం ఉన్నమా లేమా అన్నది తేల్చేది గేటు మీది బోర్డు కాదు, ఆ లెక్క.

జై సేవాలాల్. జై ఆదివాసీ. జై భీం.